ప్యాసింజర్ రైల్లో ఊరి నుంచి ఊరికి: టికెట్ కొనడం దగ్గర్నుంచి దిగేదాకా

మెమూలో (విడిగా ఇంజన్ లేకుండా కరెంటుతో నడిచే ప్యాసింజర్ బండి) వెళ్లాలంటే ఏ టికెట్ తీసుకోవాలి? ఆ టికెట్‌తోనే వెనకాల వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చా? ముందురోజే కొనిపెట్టుకోవచ్చా? ఊళ్ల పేర్లు మారుతున్నాయి గానీ అడిగేవాళ్లంతా అడిగేది ఈ మూడే. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఉదాహరణకి విజయవాడ–రాజమండ్రి ప్రయాణం తీసుకున్నాను. సుమారు 150 కిలోమీటర్ల ఈ దారిలో, కొత్తవాళ్లు తికమకపడే చోట్లు దాదాపు అన్నీ ఉన్నాయి.

ఒక మాట ముందే చెప్పాలి. పరీక్ష, ఇంటర్వ్యూ, పెళ్లి ముహూర్తం లాంటివి ఉన్న రోజు ప్యాసింజర్ నమ్ముకోవద్దు. వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే మన బండిని పక్క లైన్లోకి తోసి దానికి దారి ఇస్తారు. ఈ దారిలో ఎక్స్‌ప్రెస్ కంటే మెమూకి గంటో గంటన్నరో ఎక్కువే పడుతుంది, అది కూడా అంతా బాగుంటే. తొందర లేని రోజున మాత్రం దాదాపు సగం చార్జీతో కిటికీ పక్కన కూర్చుని వెళ్లొచ్చు.

కావలసినవి

- ఫోన్లో రైల్‌వన్ యాప్. 2025 జూలైలో వచ్చింది. ఇదివరకు యూటీఎస్ యాప్‌లో కొన్న జనరల్ టికెట్లు ఇందులో కొనొచ్చు.
- బండి ఎక్కడుందో చూసుకోవడానికి రైల్వేవారి ఎన్‌టీఈఎస్ యాప్. ఫోన్ చేసి అడగాలంటే 139.
- చిల్లర. కౌంటర్లలో ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఉంటుంది గానీ, బండి వచ్చే వేళకే నెట్ మొరాయిస్తుంది.
- మంచినీళ్లు, తినడానికి ఏదైనా. ఈ బళ్లలో ప్యాంట్రీ ఉండదు. పల్లీలు, సమోసాలు అమ్మేవాళ్లు ఎక్కితే ఎక్కినట్టు.
- ఛార్జింగ్ నిండా ఉన్న ఫోన్. మొబైల్ టికెట్ తీసుకుంటే ఇది తప్పనిసరి.
- సామాను మనిషికి 35 కిలోలు దాటకూడదు. సెకండ్ క్లాసులో ఉచితంగా తీసుకెళ్లనిచ్చేది అంతవరకే.

1. బండి నంబర్లో మొదటి అంకె చూడండి

బండి పేరు చూసి మోసపోవద్దు. నంబర్ 5తో మొదలైతే మామూలు ప్యాసింజర్, 6తో అయితే మెమూ, 7తో అయితే డెమూ (మెమూ లాంటిదే, డీజిల్‌తో నడుస్తుంది). ఈ మూడింటికీ ఆర్డినరీ టికెట్, అంటే ప్యాసింజర్ చార్జీ టికెట్, సరిపోతుంది. 1తో గానీ 2తో గానీ మొదలైతే అది ఎక్స్‌ప్రెస్. డబ్బాలు మెమూవే అయినా, ప్రతి చిన్న స్టేషన్లో ఆగినా సరే, చార్జీ ఎక్స్‌ప్రెస్‌దే. కాకినాడ పోర్ట్–విశాఖపట్నం మెమూ ఎక్స్‌ప్రెస్ నంబర్ 17267. చూడ్డానికి అచ్చం మెమూనే. ఆర్డినరీ టికెట్‌తో అది ఎక్కితే జరిమానా కట్టాల్సిందే.

పాత పేర్లతోనూ ఇదే చిక్కు. పెద్దవాళ్లు ఇప్పటికీ రాయగడ ప్యాసింజర్ అంటుంటారు. అది ఎప్పుడో గుంటూరు–రాయగడ ఎక్స్‌ప్రెస్ అయిపోయింది. సింగరేణి ప్యాసింజర్ కూడా ఇప్పుడు ఎక్స్‌ప్రెస్సే. 2020 తరువాత దూరం నడిచే ప్యాసింజర్లు చాలావాటిని ఇలా మార్చారు, దారిలో కొన్ని స్టాపులు కూడా ఎత్తేశారు. కాబట్టి "మా ఊళ్లో ఆగుతుంది" అని పదేళ్ల కిందటి జ్ఞాపకంతో బయలుదేరకండి. స్టాపుల జాబితా యాప్‌లో చూసుకోండి.

వాట్సాప్‌లో తిరిగే టైం టేబుల్ ఫొటోల్లో ప్యాసింజర్ల నంబర్లు 0తో మొదలవుతుంటే అవి పాతవి. కరోనా తరువాత ఈ బళ్లను స్పెషల్స్‌గా నడిపారు. 2025 జనవరి 1 నుంచి మళ్లీ మామూలు నంబర్లు ఇచ్చారు. ఇప్పటికీ 0తో కనిపించే బండి నిజంగానే స్పెషల్ అయితే, దాని చార్జీ వేరుగా ఉండొచ్చు, కౌంటర్లో అడగండి.

2. ఏ దారిన వెళ్తుందో చూడండి

విజయవాడ నుంచి రాజమండ్రికి రెండు దారులున్నాయి. ఒకటి మెయిన్ లైన్: ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు. రెండోది గుడివాడ, కైకలూరు, భీమవరం, తణుకు చుట్టి వచ్చి నిడదవోలు దగ్గర కలుస్తుంది. బోర్డు మీద రెండింటికీ "రాజమండ్రి" అనే ఉంటుంది. భీమవరం మీదుగా పోయే బండి తెలియక ఎక్కారంటే ప్రయాణానికి చాలా ఎక్కువ సేపు పడుతుంది. చేపల చెరువులు, వరి చేలు చూస్తూ పోవాలనుకుంటే నిజానికి అదే బాగుంటుంది, కానీ తెలిసి ఎక్కాలి.

సికింద్రాబాద్–విజయవాడ మధ్య కూడా అంతే. కాజీపేట, వరంగల్, ఖమ్మం మీదుగా ఒక దారి. నల్గొండ, మిర్యాలగూడ, నడికుడి, గుంటూరు మీదుగా ఇంకొకటి. విజయవాడ నుంచి గుంటూరుకైతే మంగళగిరి మీదుగా నేరుగానూ వెళ్లొచ్చు, తెనాలి తిరిగీ వెళ్లొచ్చు.

ఎలా నిర్ధారించుకోవాలి? ఎన్‌టీఈఎస్‌లో బండి నంబర్ కొట్టి, మధ్యలో ఒక పెద్ద స్టేషన్ ఉందో లేదో చూడండి. మన ఉదాహరణలో ఏలూరు ఉంటే మెయిన్ లైన్, గుడివాడ ఉంటే చుట్టుదారి. టికెట్ తీసుకునేటప్పుడు కూడా ఇదే దారి చెప్పాలి, 5వ అంచెలో మళ్లీ వస్తాను.

3. స్టేషన్ అసలు పేరు తెలుసుకోండి

ఊరి పేరు, స్టేషన్ పేరు ఒకటే అనుకోవద్దు. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాముడి గుడికి అక్కడి నుంచి బస్సులో ఇంకో 40 కిలోమీటర్లు పోవాలి. శ్రీకాకుళం రోడ్ ఆమదాలవలసలో ఉంది. మంత్రాలయం రోడ్‌లో దిగినా మఠం దాకా బస్సో ఆటోనో తప్పదు. పేరు చివర "రోడ్" కనిపిస్తే ఆ తరువాతి ప్రయాణం కూడా లెక్క వేసుకోండి.

ఒకే ఊళ్లో రెండు స్టేషన్లుండే చోట మరీ జాగ్రత్త: కాకినాడ టౌన్, కాకినాడ పోర్ట్, భీమవరం టౌన్, భీమవరం జంక్షన్. హైదరాబాద్ అయితే చెప్పనే అక్కర్లేదు. రైల్వే లెక్కలో హైదరాబాద్ అంటే నాంపల్లి. సికింద్రాబాద్, కాచిగూడ, లింగంపల్లి వేటికవే. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలైంది, సికింద్రాబాద్ స్టేషన్లో పునర్నిర్మాణం పనులు జరుగుతున్నాయి. దాంతో కొన్ని బళ్లు చోటు మారాయి. ఎక్కే స్టేషన్ ఏదో బయలుదేరే రోజు మళ్లీ చూసుకోవడం మంచిది.

రాజమండ్రిలో ఇంకో వెసులుబాటు ఉంది. కొవ్వూరు దాటి వంతెన ఎక్కి, దిగగానే వచ్చేది గోదావరి స్టేషన్, దాని తరువాతిది రాజమండ్రి. పుష్కర ఘాట్ వైపు పనుంటే గోదావరిలో దిగడమే దగ్గర. ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు అక్కడ ఆగవు, ప్యాసింజర్లకే ఆ సుఖం.

4. ఈ రోజు నడుస్తోందా?

చాలామంది వదిలేసే అంచె ఇది. ట్రాక్ పనులు, మూడో లైన్ పనులు మొదలైతే అన్నిటికంటే ముందు రద్దయ్యేవి మెమూలు, డెమూలే. ఒక్కోసారి వారాల తరబడి. ఆదివారం నడవని బళ్లు కూడా ఉన్నాయి, నడిచే రోజులు చూడండి.

పూర్తిగా రద్దయితే తెలిసిపోతుంది. "పాక్షికంగా రద్దు"తోనే తంటా. బండి విజయవాడలో మామూలుగానే బయలుదేరుతుంది గానీ నిడదవోలులోనో ఇంకెక్కడో ఆపేస్తారు. రద్దయిన బళ్ల జాబితాతో పాటు ఎన్‌టీఈఎస్‌లో పాక్షికంగా రద్దయినవి విడిగా ఉంటాయి, రెండూ చూడండి.

బండి ఎంత ఆలస్యంగా నడుస్తోందో చూసేటప్పుడు చివరి స్టేషన్ టైం చూసి సంబరపడకండి. టైం టేబుల్లో చివరి స్టేషన్ ముందు కాస్త ఎక్కువ టైం కలిపి ఉంచుతారు. దారిలో అరగంట లేటుగా ఉన్న బండి చివరికి రైట్ టైంకి చేరినట్టు కనబడుతుంది. మీరు మధ్యలో దిగేవాళ్లైతే ఆ లెక్క మీకు పనికిరాదు. మీరు దిగే స్టేషన్‌కి గత నాలుగైదు రోజులు ఎన్నింటికి చేరిందో చూడండి.

ఇంకొకటి. ఆ బండి తప్పిపోతే తరువాతిది ఎన్నింటికో కూడా రాసుకోండి. పగలు ఫరవాలేదు. సాయంత్రం చివరి మెమూ వెళ్లిపోయాక తెల్లారేదాకా ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ బోగీయే దిక్కయ్యే దారులు చాలా ఉన్నాయి.

5. టికెట్ తీసుకోండి

బండి నడుస్తోందని తేలాకే డబ్బు కట్టండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

కౌంటర్లో అయితే మూడు మాటలు చెప్పండి: దిగే స్టేషన్, దారి, బండి రకం. "రాజమండ్రి ఒకటి, ఏలూరు మీదుగా, ప్యాసింజర్" అంటే చాలు. ఊరికే "రాజమండ్రి ఒకటి" అంటే మీరు ఎక్స్‌ప్రెస్‌కి వచ్చారనుకుని అదే కొట్టే అవకాశం ఎక్కువ. వరుస పెద్దగా ఉంటే పక్కనే ఏటీవీఎం (మనమే టికెట్ తీసుకునే మిషన్) ఉంటుంది. పెద్ద స్టేషన్లలో దాని దగ్గర టికెట్ తీసిచ్చే మనిషి కూడా ఉంటారు.

యాప్‌లో అయితే ఆర్డినరీ, మెయిల్ ఎక్స్‌ప్రెస్, సూపర్‌ఫాస్ట్ అని వేర్వేరుగా అడుగుతుంది. దారులు ఒకటికి మించి ఉంటే వాటినీ చూపిస్తుంది. కంగారులో మొదట కనిపించింది నొక్కేయకండి. ప్లాట్‌ఫాం మీద నిలబడి మామూలుగా మొబైల్ టికెట్ కొనడం కుదరదు, పట్టాలకి, స్టేషన్‌కి కాస్త ఎడంగా ఉండగానే కొనాలి. లోపలికి వచ్చేశారా, స్టేషన్లో అంటించిన క్యూఆర్ కోడ్‌ని యాప్‌తోనే స్కాన్ చేసి తీసుకోవచ్చు.

ఎంతసేపు చెల్లుతుంది? 199 కిలోమీటర్ల దాకా దూరానికి కౌంటర్ టికెట్ కొన్న 3 గంటల్లోపు, లేదా ఆ ఊరికి పోయే మొదటి బండి బయలుదేరేదాకా, రెండింట్లో ఏది తరువాతైతే అంతవరకు ప్రయాణం మొదలుపెట్టొచ్చు. అంటే విజయవాడ–రాజమండ్రి టికెట్ ముందురోజు కొనడం కుదరదు. 200 కిలోమీటర్లు, ఆపైన అయితే కౌంటర్లో 3 రోజుల ముందు కూడా ఇస్తారు.

చార్జీ గురించి ఒక్క ముక్క. కరోనా తరువాత ప్యాసింజర్లలో కూడా కనీస చార్జీ 30 రూపాయలు చేశారు. 2024 ఫిబ్రవరి నుంచి మళ్లీ 10 రూపాయలు. అయిదేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, అయిదు నిండి పన్నెండు లోపైతే సగం. రోజూ తిరిగేవాళ్లు 150 కిలోమీటర్ల లోపైతే నెలవారీ సీజన్ టికెట్ తీసుకోండి, విడివిడిగా కొంటే డబ్బు దండగ.

ఏ బండి ముందొస్తుందో తెలియని రోజు ఎక్స్‌ప్రెస్ టికెట్ తీసేసుకోండి. ఎక్స్‌ప్రెస్ టికెట్‌తో ప్యాసింజర్ ఎక్కొచ్చు. ప్యాసింజర్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కకూడదు. సూపర్‌ఫాస్ట్ అయితే సెకండ్ క్లాసుకి ఇంకో 15 రూపాయలు పడుతుంది, ఎక్స్‌ప్రెస్ టికెట్ కూడా చాలదు. నాలుగు రాళ్లు ఎక్కువైనా నేనైతే సాయంత్రం పూట ఎప్పుడూ ఎక్స్‌ప్రెస్ టికెట్టే తీసుకోమంటాను.

6. కౌంటర్ ముందే టికెట్ చదవండి

పక్కకి జరిగి చూద్దాంలే అనుకుంటే మళ్లీ వరుసలో నిలబడాలి. చూడాల్సినవి: దిగే స్టేషన్ పేరు, ఎంతమంది, ఆర్డినరీయా ఎక్స్‌ప్రెస్సా, వయా అన్నచోట ఏముంది. తేడా ఉంటే అక్కడికక్కడే చెప్పండి.

మొబైల్ టికెట్ అయితే నెట్ ఆపేసి యాప్‌లో టికెట్ తెరిచి చూడండి. తెరుచుకుంటే దారిలో సిగ్నల్ లేకపోయినా ఇబ్బంది లేదు. స్క్రీన్‌షాట్ చెల్లదు. ఒకరు కొని స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపితే ఇంకొకరు దానితో ప్రయాణం చేయలేరు. చాలా ఇళ్లలో పిల్లలు అమ్మానాన్నలకి చేస్తున్న పొరపాటు ఇదే. పెద్దవాళ్లకి కౌంటర్లో కాగితం టికెట్టే మేలు.

7. ఎక్కడం

ప్లాట్‌ఫాం చివరి నిమిషంలో మారొచ్చు, అనౌన్స్‌మెంట్ మీద చెవి వేసి ఉంచండి. బండి ముందు రాసిన నంబర్ కంటే ప్లాట్‌ఫాం బోర్డునే నమ్మండి. ఒకే బండిని రోజంతా రెండు మూడు నంబర్లతో తిప్పుతారు, ముందు రాసింది మార్చకపోవచ్చు. అనుమానమొస్తే ఎక్కాక పక్కవాళ్లని "ఏలూరు పోతుందా?" అని అడగండి. "రాజమండ్రి పోతుందా?" అని అడిగితే చుట్టుదారి బండిలో కూడా అవుననే అంటారు, నిజమే కదా.

మెమూల్లో రిజర్వేషన్ ఉండదు, ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. మధ్య బోగీల్లో జనం ఎక్కువ, చివరి బోగీల్లో కాస్త తక్కువ. ఆడవాళ్ల బోగీ, దివ్యాంగుల బోగీ, పాలు కూరగాయలవాళ్ల బోగీ వేరుగా రాసి ఉంటాయి, ఎక్కేముందు చూడండి. పాత మెమూల్లో ఒక బోగీలోంచి ఇంకో బోగీకి వెళ్లే దారి ఉండకపోవచ్చు, కాబట్టి అందరూ ఒకే బోగీ ఎక్కండి.

ఉదయం విజయవాడ వచ్చే బళ్లలో, సాయంత్రం తిరిగి వెళ్లే బళ్లలో రోజువారీ ఉద్యోగులు, కాలేజీ పిల్లలు నిండిపోతారు. కొన్ని సీట్లలో రుమాలు వేసి పెట్టడం, పేకాట గ్రూపులు మామూలే. రుమాలుకి చట్టబలం ఏమీ లేదు గానీ గంట ప్రయాణానికి గొడవెందుకు.

8. మధ్యలో ఆగిపోతే

చిన్న స్టేషన్లో పది నిమిషాలు దాటి ఆగిందంటే వెనకాల ఎక్స్‌ప్రెస్ వస్తోందన్నమాట. సింగిల్ లైన్ అయితే ఎదురుగా వచ్చే బండి కోసం ఆపుతారు, దాన్నే క్రాసింగ్ పడిందంటారు. టీ కోసం దిగి దూరం పోకండి. ఎక్స్‌ప్రెస్ దాటగానే సిగ్నల్ ఇస్తారు, మెమూ ఒక్కసారిగా వేగం అందుకుంటుంది, పరుగెత్తి ఎక్కడానికి అది పాత ఇంజన్ బండి కాదు.

ఆగిన చోట కిటికీ పక్కన ఫోన్ పట్టుకుని కూర్చోవద్దు. బండి కదిలే వేళ చూసి లాక్కుపోతారు. మనవాళ్లు ఎక్కలేదని చైన్ లాగడం కూడా వద్దు, సరైన కారణం లేకుండా లాగితే 1000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చేయండి.

9. దిగడం

చిన్న స్టేషన్లలో నిమిషం కూడా ఆగదు. మీ స్టేషన్‌కి ముందు వచ్చే రెండు స్టేషన్ల పేర్లు తెలిసుండాలి. మన ఉదాహరణలో కొవ్వూరు రాగానే సామాను సర్దుకుని, వంతెన మీద ఉండగానే తలుపు దగ్గరికి చేరండి, అంచున మాత్రం నిలబడకండి. కొత్త మెమూల్లో స్టేషన్ పేరు చూపించే బోర్డులుంటాయి గానీ నేను వాటిని నమ్మను, పసుపు బోర్డు మీద ఉన్న పేరే చూస్తాను. కొన్ని హాల్ట్‌లలో ప్లాట్‌ఫాం బాగా కిందికి ఉంటుంది. పెద్దవాళ్లు, చీరలో ఉన్నవాళ్లు ముందు సామాను అందించి తరువాత దిగాలి.

బయటికి వెళ్లేదాకా టికెట్ పారేయకండి. గేటు దగ్గర కూడా అడుగుతారు.

దారిలో బండి మారాలంటే

భద్రాచలం రోడ్ వెళ్లేవాళ్లు డోర్నకల్‌లో, మచిలీపట్నం వెళ్లేవాళ్లు గుడివాడలో మారాల్సి రావొచ్చు. టికెట్ చివరి ఊరిదాకా ఒకేసారి తీసుకోండి, విడివిడిగా తీసుకుంటే ఎక్కువ పడుతుంది. రెండు బళ్ల మధ్య కనీసం గంట ఉండాలి. ప్యాసింజర్ నుంచి ప్యాసింజర్‌కి పది నిమిషాల తేడా కాగితం మీదే బాగుంటుంది. అలాగని మధ్యలో దిగి ఊరు చూసి సాయంత్రం బండెక్కుతానంటే కుదరదు, 500 కిలోమీటర్ల లోపు టికెట్‌కి ఆ వీలు లేదు.

టీసీ పట్టుకుంటే

టికెట్ లేకపోయినా, ఆర్డినరీ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కినా, జనరల్ టికెట్‌తో స్లీపర్లో కూర్చున్నా కనీసం 250 రూపాయల జరిమానా, దాని మీద రావలసిన చార్జీ. కట్టి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా చేతిలో డబ్బు పెట్టి తప్పించుకుంటే తరువాతి స్టేషన్లో ఇంకో టీసీ ఎక్కుతాడు, మళ్లీ మొదటికే వస్తుంది. ప్యాసింజర్ టికెట్ చేతిలో ఉండగా ఎక్స్‌ప్రెస్ వచ్చేసిందా? ఎక్కకముందే కౌంటర్‌కి వెళ్లి చార్జీ తేడా కట్టి టికెట్ తీసుకోండి.

ప్రయాణం మానుకుంటే

ఇందాక డబ్బు ఆఖర్న కట్టమన్నది ఇందుకే. ఫోన్‌లో చూపించే కాగితం లేని టికెట్ రద్దు చేయడం కుదరదు. కౌంటర్ టికెట్ 199 కిలోమీటర్ల లోపుదైతే కొన్న 3 గంటల్లోపు తిరిగి ఇవ్వొచ్చు, కానీ మనిషికి 30 రూపాయలు కోస్తారు. ఆర్డినరీ టికెట్ ధరే చాలావరకు ఆ చుట్టుపక్కల ఉంటుంది. బండి రైల్వేవారే రద్దు చేస్తే మాత్రం కౌంటర్ టికెట్‌కి పూర్తి డబ్బు వస్తుంది, టికెట్ పట్టుకుని అదే స్టేషన్లో కౌంటర్‌కి వెళ్లండి.